వారంటీలో ఉన్న లాప్‌టాప్ తెరపై నిలువు గీత: చూడకుండానే ఫిజికల్ డ్యామేజ్ అంటున్నారు, ఏం చేయాలి?

ఎర్రనేల515 (అనంతపురం)

అందరికీ నమస్తే. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్, ఆన్‌లైన్‌లో కొన్నది. ఏడాది వారంటీలో ఇంకా నాలుగు నెలలు మిగిలుంది. తెర కుడి అంచు నుంచి ఇంచుమించు మూడు అంగుళాల లోపల, పైనుంచి కిందిదాకా సన్నగా ఒక ఆకుపచ్చ గీత వచ్చింది. విండోస్ తెరిచినా, ఏ వీడియో పెట్టినా అట్లాగే నిలబడి ఉంది. పగులు లేదు, నల్ల మచ్చ లేదు, కింద పడలేదు. మూత బాగా వెనక్కి వాలిస్తే మాత్రం తెర మొత్తం మిణుకుమిణుకుమంటోంది.

టౌన్‌లో ఉన్న ఆథరైజ్డ్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, చూడకముందే "గీత పడిందంటే ఫిజికల్ డ్యామేజే, ప్యానెల్‌కు (తెర పలకకు) డబ్బులు కట్టాల్సొస్తుంది" అన్నారు. టోల్‌ఫ్రీ వాళ్లేమో మీ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చే సర్వీసు లేదు, సెంటర్‌కే తీసుకెళ్లండి అంటున్నారు.

లోపం ప్యానెల్‌దా, కేబుల్‌దా, గ్రాఫిక్స్‌దా అని ఇంట్లోనే తేల్చుకునే దారుందా? డ్యామేజ్ అన్నప్పుడు రుజువు చూపించమని అడగొచ్చా? ముందు సుభాష్ రోడ్డులో తెలిసిన రిపేరు షాపులో విప్పించి కేబుల్ సరిచేయిస్తే ఏమైనా ఇబ్బందా?

పెన్నాతీరం (కడప)

చివరి ప్రశ్నకు ముందు జవాబు: విప్పించొద్దు. ఇప్పుడొచ్చే సన్నంచు మోడళ్లలో బెజెల్ (తెర చుట్టూ ఉండే చట్రం) క్లిప్పులతో, సన్న జిగురు టేపుతో పట్టుకొని ఉంటుంది. ఒకసారి లేపితే టేపు సాగుతుంది, క్లిప్పు అంచున గీరుడు పడుతుంది. సెంటర్‌లో మొదట చూసేది దాన్నే. లోపం కంపెనీదే అయినా "బయట తెరిచారు" అన్న సాకు మనమే చేతికిచ్చినట్టవుతుంది.

ఇక పరీక్షలు. ఈ వరుసలోనే చేయండి, ప్రతిదాన్నీ ఫోన్‌తో వీడియో తీయండి.

మొదట స్క్రీన్‌షాట్. గీత కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోన్‌లో చూడండి. అందులో గీత లేకపోతే విండోస్ తయారుచేస్తున్న చిత్రం శుభ్రంగానే ఉందన్నమాట. తర్వాత హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. టీవీలో గీత రాకపోతే గ్రాఫిక్స్ చిప్ మీద అనుమానం దాదాపు పోతుంది. మూడోది బయాస్, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర. ఆన్ చేస్తూ ఎఫ్2 కొట్టి (కొన్ని కంపెనీల్లో ఎఫ్10 లేదా డిలీట్ కీ) బయాస్‌లోకి వెళ్లండి. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్ లేదు. అక్కడా గీత ఉంటే "డ్రైవర్ అప్‌డేట్ చేయండి, విండోస్ మళ్లీ వేయండి" అనే మాటకు తావుండదు. టోల్‌ఫ్రీలో సగం సమయం తినేది ఆ మాటే.

కంపెనీ సొంత పరీక్షలూ ఉంటాయి. డెల్ అయితే లాప్‌టాప్ ఆపేసి, చార్జర్ పెట్టి, డి కీ నొక్కిపట్టుకొని పవర్ నొక్కితే తెర ఒక్కటే తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వరుసగా చూపిస్తుంది. హెచ్‌పీలో ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్, తర్వాత ఎఫ్2 కొడితే డయాగ్నస్టిక్స్ వస్తుంది. ఏదైనా ఫెయిల్ అయితే ఇచ్చే ఫెయిల్యూర్ ఐడీని ఫొటో తీసిపెట్టుకోండి.

గీత ఎందుకొస్తుందో తెలిస్తే సెంటర్‌లో మాట్లాడటం సులువు. ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌లో అడ్డంగా 1920 పిక్సెళ్లు, ఒక్కోదాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అంటే మొత్తం 5760 నిలువు లైన్లు. వీటికి సంకేతం ఇచ్చే డ్రైవర్ చిప్పులు మామూలుగా గాజు కింది అంచున, పల్చటి ఫిల్మ్ ద్వారా గాజుకు అతికి ఉంటాయి. ఆ అతుకులో ఒక్క లైను వదిలినా, ఆ ఒక్క రంగు నిలువునా నిలబడిపోతుంది. మీ పచ్చగీత సరిగ్గా అట్లాంటిదే. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగితే అతుకు వదిలే అవకాశం పెరుగుతుంది. తయారీలో సరిగా అతక్కపోయినా ఇదే ఫలితం. వెడల్పాటి పట్టీ వచ్చినా, సగం తెర పోయినా డ్రైవర్ చిప్ గానీ ప్యానెల్ బోర్డు గానీ అనుకోవాలి. అడ్డగీత అయితే పక్క అంచున ఉండి అడ్డ లైన్లను నడిపే గేట్ వైపు లోపం.

దెబ్బ తగిలిన ప్యానెల్ తీరే వేరు. ఎక్కడో ఒకచోట దెబ్బ తగిలిన బిందువు ఉంటుంది, గీతలు అక్కడి నుంచి చీలుతాయి. సిరా ఒలికినట్టు నల్ల మరక వస్తుంది, రోజురోజుకూ పాకుతుంది. కీబోర్డు మీద పెన్నో ఇయర్‌ఫోనో పెట్టి మూత మూస్తే వచ్చేది ఇదే. తెర ఆపేసి, టార్చ్‌ను ఏటవాలుగా వేసి నాలుగు మూలలూ, కింది అంచూ నిదానంగా చూడండి. సన్న పగులైనా వెలుతురులో తళుక్కుమంటుంది.

మూత వాలిస్తే మిణుకుమనడం మాత్రం వేరే జబ్బు కావచ్చు. ప్యానెల్‌కు చిత్రాన్ని మోసుకెళ్లే ఈడీపీ కేబుల్ హింజ్ (మూత కీలు) గుండా పోతుంది. మూత కోణంతో పాటు మారే లోపం ఎక్కువగా కేబుల్‌దే. కదిలించినా మారని గీత ప్యానెల్‌ది. కాబట్టి ఫిర్యాదులో రెండూ విడివిడిగా రాయండి. గీత ఒక్కటే చెబితే ప్యానెల్ ఒక్కటే ఆర్డర్ పెడతారు. కొత్త ప్యానెల్ వేశాక మిణుకు అట్లాగే ఉంటే, కేబుల్ కోసం మళ్లీ కేసు, మళ్లీ ఎదురుచూపు.

బురుజు518 (కర్నూలు)

పైన చెప్పినదంతా సరే. కాగితాల సంగతి నేను చెప్తా, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది అక్కడే.

సెంటర్‌కు ఫోన్ చేసి నోటిమాటతో తేల్చుకోవద్దు. ఫోన్లో "డ్యామేజే" అన్నవాడు రేపు నేనట్లా అనలేదంటే మీ దగ్గరేముంది? ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ చాట్‌లో గానీ కేసు నమోదు చేసి, కేసు నంబర్ తీసుకోండి. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబర్ (డెల్‌కు సర్వీస్ ట్యాగ్) కొట్టి వారంటీ ముగిసే తేదీ చూడండి. కంపెనీ లెక్క కొన్నిసార్లు ఫ్యాక్టరీ నుంచి సరుకు బయల్దేరిన రోజు నుంచి మొదలవుతుంది. మీ బిల్లు తేదీ దానికన్నా తర్వాతిదైతే బిల్లు అప్‌లోడ్ చేసి సరిచేయించండి. ఆన్‌లైన్ కొనుగోలుకు కావాల్సింది జీఎస్టీ ఇన్వాయిస్. డెలివరీ చీటీ పనికిరాదు. ఇన్వాయిస్ మీద సీరియల్ నంబర్ ఉంటే అది లాప్‌టాప్ మీదున్నదే అవునో కాదో చూసుకోండి.

కేసులో రాయాల్సినవి: గీత ఏ రంగు, ఏ అంచు నుంచి ఎంత దూరం, బయాస్‌లోనూ ఉంది, టీవీలో రాలేదు, గాజుపై పగులు గానీ మరక గానీ లేదు, మూత కోణంతో మిణుకు మారుతోంది. బయాస్ వీడియో, తెర ఆపి టార్చ్ వేసి తీసిన ఫొటోలు జతచేయండి. ఊరికే "స్క్రీన్ ప్రాబ్లం" అని రాస్తే సెంటర్ వాళ్లు దాన్ని తమకు నచ్చినట్టు పూరిస్తారు.

సెంటర్‌లో లాప్‌టాప్ ఇచ్చేటప్పుడు జాబ్‌షీట్ (వస్తువు తీసుకున్నట్టు సెంటర్ రాసే కాగితం) చదవకుండా సంతకం పెట్టొద్దు. "కండిషన్" అనే గడి ఒకటుంటుంది. అందులో అలవాటుగా "గీరుడ్లు, సొట్టలు ఉన్నాయి" అని కొట్టేస్తారు. మూత మీద నిజంగా గీరుడుంటే ఎక్కడుందో రాయించండి. గాజుకు పగులు లేదని కూడా రాయించండి. వాళ్లు రాయబోమంటే మీరే పెన్నుతో రాసి, వాళ్ల ముందే కాగితాన్ని ఫొటో తీయండి. చార్జర్ ఇస్తే దాన్నీ రాయించాలి. బ్యాగు, మౌస్, పెన్‌డ్రైవ్ ఇంట్లోనే పెట్టండి.

తర్వాత డ్యామేజ్ అంటే, వాదన పెట్టుకోకుండా రెండే అడగండి: దెబ్బ తగిలిన చోటును గుర్తుపెట్టిన ఫొటో, కారణం రాసిన మెయిల్. నిజంగా దెబ్బ ఉంటే ఫొటో రెండు నిమిషాల పని. ఇవ్వలేకపోతే, ఆ విషయమే కేసు నంబర్‌తో కంపెనీకి రాసి, సీనియర్ టీమ్‌కు పంపమనండి. బాగుచేయకుండా వెనక్కిస్తే, ఆ కారణం డెలివరీ కాగితం మీద ఉండాలి. అది లేకుండా లాప్‌టాప్ వెనక్కి తెచ్చుకోవద్దు.

రాయలచెరువు_బ్రో

ఇంత తతంగం ఎందుకన్నా. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల చిల్లర. పొద్దున బస్సెక్కితే పెద్ద సెంటర్లో ఇచ్చేసి రావచ్చు, అక్కడ స్టాక్ ఉంటుంది.

బురుజు518 (కర్నూలు)

స్టాక్ ఉంటుందని నమ్మి పోవద్దు బ్రో. వారంటీ ప్యానెల్ మామూలుగా సెంటర్ అరల్లోంచి తీసి వేసేది కాదు. కేసు ఆమోదమయ్యాక ఆ సీరియల్ నంబర్ పేరుమీద గోడౌన్ నుంచి పార్ట్ వస్తుంది. పెద్ద ఊరైనా అదే పద్ధతి. పైగా ఇవ్వడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి పోవాలి. లోకల్ సెంటర్ రాతపూర్వకంగా కాదన్నాక, అదే కేసును వేరే ఊరి సెంటర్‌కు మార్చమని అడగడంలో అర్థముంది. మొదటే పోతే ఖర్చు తప్ప లాభం లేదు. ఇంకోటి, క్యారీ ఇన్ (మనమే సెంటర్‌కు తీసుకెళ్లే) వారంటీనే డబ్బు కట్టి ఆన్‌సైట్‌గా (వాళ్లే ఇంటికొచ్చేదిగా) మార్చుకునే వీలు కొన్ని కంపెనీలిస్తాయి. కానీ పిన్‌కోడ్ 515001కు సర్వీసుందో లేదో అడగకుండా అది కొనొద్దు.

ఎర్రనేల515 (అనంతపురం)

అందరికీ థాంక్స్. పరీక్షలు చేశాను. స్క్రీన్‌షాట్‌లో గీత లేదు, టీవీలో లేదు, బయాస్‌లో ఉంది. మూత కదిలిస్తే గీత కదలదు, మిణుకు మాత్రం మారుతోంది. టార్చ్ వేసి చూస్తే పగులేమీ లేదు. రెండూ విడివిడిగా రాసి కేసు పెట్టాను, ప్యానెల్‌తోపాటు కేబుల్ కూడా ఆమోదించారు.

ఇప్పుడు సందేహం: వచ్చే ప్యానెల్ అదే కంపెనీది కాకపోవచ్చు, "ఈక్వివలెంట్" (దానికి సమానమైనది) వేస్తామని మెయిల్‌లో ఉంది. తక్కువ రకం వేసి పంపితే ఎట్లా కనిపెట్టాలి? ఒకటి రెండు పిక్సెళ్లు పోయి ఉన్నా తీసుకోవాలా?

పెన్నాతీరం (కడప)

ఈక్వివలెంట్ వేయడం తప్పేమీ కాదు. ఒకే లాప్‌టాప్ మోడల్‌కు ఫ్యాక్టరీలోనే వేర్వేరు కంపెనీల ప్యానెళ్లు వాడుతుంటారు. బాగుచేసిన పాత ప్యానెల్ వేసే హక్కునూ చాలా కంపెనీలు వారంటీ షరతుల్లో రాసుకొని ఉంటాయి. మనం చూసుకోవాల్సింది పాతదానికన్నా రకం తగ్గిందా లేదా అన్నదే. దానికి లాప్‌టాప్ ఇచ్చేముందే కొంత నోట్ చేసి పెట్టుకోవాలి.

డివైస్ మేనేజర్‌లో మానిటర్స్ కింద ఉన్నదాని ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ తెరవండి. అక్కడ MONITOR\ తర్వాత కనిపించే మొదటి మూడు అక్షరాలే ప్యానెల్ చేసినవాళ్ల గుర్తు: బీఓఈ, ఏయూఓ అంటే ఆ కంపెనీలే, సీఎంఎన్ అంటే ఇన్నోలక్స్, ఎల్‌జీడీ అంటే ఎల్‌జీ డిస్‌ప్లే. దాన్ని ఫొటో తీయండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో హెర్ట్జ్‌లో చెప్పే లెక్క) రాసుకోండి. మీది 120 లేదా 144 హెర్ట్జ్ అయితే దీన్ని అస్సలు మరవద్దు. 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్లకు ఎక్కువగా 30 పిన్ కనెక్టర్, వేగం ఎక్కువున్న వాటికి 40 పిన్ ఉంటుంది. రెండూ ఒకదానికొకటి సరిపోవు కాబట్టి పూర్తిగా వేరే రకం వేయడం కష్టం. కానీ 144 బదులు 120 వచ్చే వీలుంది.

ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు నిలిచే రకం) ప్యానెల్ స్థానంలో టీఎన్ (చవక రకం) వేస్తే కంటితోనే పట్టుకోవచ్చు. మనిషి ముఖమున్న ఫొటో పెట్టి, తెరను కిందినుంచి, పైనుంచి చూడండి. ఒకవైపు నుంచి రంగులు తిరగబడి నెగటివ్‌లా కనిపిస్తే అది టీఎన్. ఐపీఎస్‌లో వెలుతురు కొంచెం తగ్గుతుందే కానీ రంగు తిరగబడదు.

తీసుకునే రోజు సెంటర్‌లోనే కూర్చొని చూడండి. ఓటీపీ అడిగినా, కేసు క్లోజ్ అని సంతకం అడిగినా ఇవన్నీ అయ్యాకే. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఐదూ ముందే డెస్క్‌టాప్ మీద పెట్టుకొని పొండి, ఒక్కోటి తెరనిండా పెట్టి చూడండి. నల్లబొమ్మ మీద అంచుల్లో తెల్లగా కారినట్టుంటే బ్యాక్‌లైట్ బ్లీడ్; బెజెల్ ఒత్తి బిగించినా వస్తుంది, మళ్లీ సరిగా కూర్చోబెట్టమనండి. మూలల్లో కొద్దిపాటి మెరుపు ఐపీఎస్‌లో మామూలే, చూసే కోణం మారిస్తే ఆ మెరుపు పక్కకు జరుగుతుంది. మూతను మెల్లగా మొదలు నుంచి చివరిదాకా తెరిచి మూసి మిణుకు పోయిందో లేదో చూడండి. బ్రైట్‌నెస్ సున్నా నుంచి వందదాకా జరపండి.

చాలామంది వదిలేసేవి ఇంకో మూడు. వెబ్‌క్యామ్, మైకు వైర్లు చాలా మోడళ్లలో అదే కేబుల్‌లో ఉంటాయి. రెండూ పనిచేస్తున్నాయో చూడండి. వైఫై యాంటెనా తీగలు కూడా చాలావాటిలో హింజ్ గుండానే మూతలోకి పోతాయి. హింజ్ విప్పినప్పుడు తీగ నలిగితే సిగ్నల్ బాగా పడిపోవచ్చు, ఇంటికొచ్చాక గానీ తెలీదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పది అడుగుల దూరం నుంచి చూసుకోండి. మూడోది, మూత మూస్తే నిద్రలోకి పోతోందా అని. అయస్కాంతంతో పనిచేసే సెన్సర్ అది, బెజెల్ తేడాగా కూర్చుంటే పలకదు.

పిక్సెళ్ల సంగతి: ప్రతి కంపెనీకీ తన లెక్క ఉంటుంది, ఎక్కువమంది ఐఎస్‌ఓ 9241-307 ప్రమాణాన్ని ఆధారంగా పెట్టుకుంటారు. అందులో రెండో తరగతి ప్రకారం పది లక్షల పిక్సెళ్లకు రెండు ఎప్పుడూ వెలిగేవి, రెండు ఎప్పుడూ ఆరినవి ఉన్నా లోపం కిందికి రాదు. ఫుల్ హెచ్‌డీలో ఉండేవి ఇరవై లక్షల పైచిలుకు. కాబట్టి మూలన ఒక చుక్క ఉందని గొడవ పెట్టుకుంటే నెగ్గలేరు, కాకపోతే నడిమధ్యన ఉంటే అడిగి చూడండి, మార్చేవాళ్లూ ఉన్నారు. గీతకు మాత్రం ఈ చుక్కల లెక్క పనికిరాదు. "పిక్సెల్ పాలసీ" అని గీతను అందులో కలిపేయబోతే ఒప్పుకోవద్దు.

సిద్దవటం_కోట

మీకు ఆమోదం వచ్చింది సరే, కానీ ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం: రాతలో కూడా కాదన్నాక పోవాల్సిన దారి ఇది.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడతారు. అది కోర్టు కాదు, ఆదేశం ఇవ్వలేదు. మీ ఫిర్యాదును కంపెనీ పై ఆఫీసుకు పంపి జవాబు అడుగుతుంది. చాలా లాప్‌టాప్ కేసులు లోకల్ సెంటర్ మొండితనం వల్ల ఆగినవే కాబట్టి ఇక్కడే కదులుతాయి. కేసు నంబర్, జాబ్‌షీట్, వాళ్లు రాసిన కారణం చేతిలో పెట్టుకొని చేయండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఎక్కడో గురుగ్రామ్‌లో ఉన్నాడు, అక్కడికి పోవాలేమో అని భయపడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, అంటే 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్నది, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయనిస్తుంది. అనంతపురం వాళ్లు అనంతపురంలో, కడప వాళ్లు కడపలో వేసుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ లేకున్నా మీరే వాదించుకోవచ్చు. లోపం బయటపడిన రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేసే వీలుంది. కంపెనీ దెబ్బ తగిలిందంటుంది, మీరు లేదంటారు. అట్లాంటప్పుడు వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కుంది. బయట విప్పించిన లాప్‌టాప్ అయితే ఆ పరీక్షకు విలువ తగ్గవచ్చు, పైన పెన్నాతీరం గారు విప్పించొద్దన్న మాట ఇందుకు కూడా పనికొస్తుంది.

ఎర్రనేల515 (అనంతపురం)

చివరిగా ఒకటి. పాస్‌వర్డ్ అడుగుతున్నారు. ఇవ్వాలా? డేటా తీసేసి ఇవ్వమంటారా?

పెన్నాతీరం (కడప)

ప్యానెల్, కేబుల్ మార్చడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. బయాస్‌లోనే తెర చూసుకోవచ్చు. మరీ పట్టుబడితే పాస్‌వర్డ్ లేని మామూలు అకౌంట్ ఒకటి కొత్తగా పెట్టి ఇవ్వండి, అడ్మిన్ హక్కులు వద్దు. డేటా చెరపక్కర్లేదు కానీ బ్యాకప్ మాత్రం తప్పక తీసుకోండి. డిస్క్ పోతే వాళ్ల బాధ్యత కాదని జాబ్‌షీట్ వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకోటి కూడా సిద్ధం చేసుకోండి. కేబుల్ మార్చినా మిణుకు పోకపోతే మదర్‌బోర్డు మీది కనెక్టర్ వైపు అనుమానం మళ్లుతుంది, అప్పుడు బోర్డు మారుస్తారు. బోర్డు మారితే, బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే అది కీ అడుగుతుంది. మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, ఇచ్చేముందే కాగితం మీద రాసుకోండి. కొత్త బోర్డులో మీ సీరియల్ నంబర్‌ను బయాస్‌లో రాశారో లేదో కూడా అక్కడే చూడాలి. అది ఖాళీగా ఉన్నా, అడుగు స్టిక్కర్‌లో ఒకటి, లోపల ఒకటి అయినా మిగిలిన నాలుగు నెలల వారంటీకి మళ్లీ మొదటి నుంచి బిల్లులు చూపించుకుంటూ తిరగాల్సొస్తుంది.